రేవులో మా గుట్ట

తీరప్రాంతాల మీద వచ్చే ఫోటో ప్రదర్శనలు, వీడియో ఆర్టు వీలైనంతవరకూ వదలకుండా చూస్తాను. హనుమకొండలో ఉంటూ సముద్రం గురించి నీకింత పట్టింపేమిటని తెలిసినవాళ్లు అడుగుతుంటారు. సముద్రం మాకు అంత దూరమేమీ కాదు. దూరమనిపించేలా చేసింది చాలావరకు బొమ్మలు తీసేవాళ్లే. తీరం మీద పనిచేసే కళాకారుల్లో ఎక్కువమంది ఇసుక ఎక్కడ అయిపోతే అక్కడ కెమెరా ఆపేస్తున్నారు. రేవుకు సరుకు పంపిన ఊరు, రేవు దాటించి మనుషుల్ని పంపిన ఊరు వాళ్ల ఫ్రేములోకి రావు. అలాంటప్పుడు సంస్కృతులు ఇక్కడ కలుసుకున్నాయని వాళ్లు చెప్పే కథ సగం దగ్గరే ఆగిపోతుంది.

చాలాకాలంగా నలుగుతున్న ఈ సంగతి రాయాలనిపించింది హైదరాబాదులో ఒక ప్రదర్శన చూశాక. చీకటి గదిలో మూడు తెరలు. తూర్పు తీరంలోని ఒక రేవు మీద తీసిన వీడియో. ఒక తెర మీద ఆడవాళ్లు వలలు బాగుచేస్తున్నారు. ఇంకోదాని మీద రాత్రిపూట లంగరు వేసిన ఓడల దీపాలు. మూడో తెర మీద నలుగురు కుర్రాళ్లు పెద్ద పెద్ద రాతిదిమ్మెల మీద కూర్చుని ఫోన్లో ఏదో చూసుకుంటున్నారు. షాటు ఎంతసేపటికీ కదలదు. తీసినవాళ్లకు ఓపిక ఉంది, చూపు ఉంది, అందులో అనుమానం లేదు. కానీ నేను కుర్రాళ్లను చూడటం మానేసి రాళ్లను చూస్తూ ఉండిపోయాను. నల్లటి ఒంటి మీద గోధుమ ఎరుపు మచ్చలు. దిమ్మె అంచు పొడవునా పైనుంచి కిందికి వరసగా డ్రిల్లు దిగిన గాడులు, ఒక్కోటి నిలువునా చీల్చిన గొట్టంలాగా. పక్కన పెయింటుతో వేసిన నంబరు, కొలతలు. అది టాన్ బ్రౌన్ గ్రానైటు. కరీంనగర్ రాయి.

గోడ మీద రాసిపెట్టిన పరిచయంలో ఓడల గురించి, సుగంధద్రవ్యాల గురించి, శతాబ్దాలుగా ఆ రేవులో కలిసిన భాషల గురించి ఉంది. రాయి ఊసు లేదు. బయట వాలంటీరుగా ఉన్న అమ్మాయి ఎక్కడినుంచి వచ్చారని అడిగింది. చెప్పాను. "వరంగలా? అయితే మీకు సముద్రం కొత్తగా ఉంటుంది కదండీ" అంది, అభిమానంగానే. ఆ కుర్రాళ్లు కూర్చున్నది మా పక్క గుట్టల మీదేనని చెప్తే ఒక్క క్షణం అర్థం కాలేదు. తర్వాత తన స్నేహితులిద్దర్ని పిలుచుకుని మళ్లీ లోపలికి వెళ్లింది. నేను బయటకు వచ్చేసరికి ముగ్గురూ మూడో తెర ముందే నిలబడి ఉన్నారు.

ఆ వీడియో తీసినవాళ్ల మీద నాకు కోపం లేదు. ఒక్క వాక్యం, "ఈ రాళ్లు ఇక్కడికి ఎలా వచ్చాయి" అనే ఒక్క ప్రశ్న ఉంటే ఆ పని ఎక్కడికో వెళ్లేది. ఆ ప్రశ్న వాళ్లకు తట్టలేదు. ఎందుకు తట్టలేదన్నదే నా బాధ.

రాయి వెంట నడిస్తే

కరీంనగర్ చుట్టుపక్కల బస్సులో వెళ్లేవాళ్లకు ఆ గుట్టలు తెలుసు. ఒకవైపు నుంచి చూస్తే చెట్టూ చేమా ఉన్న మామూలు గుట్ట. మలుపు తిరిగాక రెండో వైపు మెట్లు మెట్లుగా కోసేసి ఉంటుంది. కోసిన దిమ్మెలు లారీల మీద స్టేషనుకు, అక్కడినుంచి గూడ్సు బండ్లలో కాకినాడకు, కృష్ణపట్నానికి, ఓడెక్కి ఎక్కువగా చైనాకు. అక్కడ పలకలుగా కోసి మెరుగు పెడతారు. మళ్లీ ఓడెక్కి ఏ దేశంలోనో వంటింటి గట్టు అవుతుంది. ఇంత ప్రయాణంలో కెమెరాకు చిక్కేది ఎంత ఉంది! క్వారీ పక్క ఊళ్లో పేలుడు మోతకు తలుపులు అదరడం, చేల మీద తెల్లటి పొడి, గుట్ట మీది దేవుణ్ణి కిందికి దించి కట్టిన కొత్త గుడి, గూడ్సు బండి కోసం గేటు దగ్గర ఆగిన బడిపిల్లలు. ఇవన్నీ రేవులో భాగమే. ఆ నలుగురు కుర్రాళ్లు కూర్చున్న రాతిలో ఇదంతా ఉంది.

ఇది నేను కొత్తగా కోరుతున్నదేమీ కాదు. అమెరికన్ ఫోటోగ్రాఫర్ అలన్ సెకులా ఏళ్ల తరబడి ఓడలు, రేవులు, కంటైనర్లు, డాకు కూలీల వెంట తిరిగి 1995లో 'ఫిష్ స్టోరీ' తెచ్చాడు. సముద్రమంటే చూసి మైమరచిపోయే చోటు కాదు, పనిచేసే చోటు అని అందులో ప్రతి ఫోటో చెబుతుంది. తర్వాత 2010లో నోయెల్ బుర్ష్‌తో కలిసి తీసిన 'ది ఫర్గాటెన్ స్పేస్' అయితే రేవు దగ్గర ఆగలేదు. ఓడల వ్యాపారం కోసం ఇళ్లూ పొలాలూ పోగొట్టుకున్న హాలండ్, బెల్జియం పల్లెల దాకా వెళ్లింది. సముద్రం గురించి తీసిన సినిమాలో పొలం గట్టు మీద నిలబడి మాట్లాడే రైతులున్నారు. అదీ నాకు కావలసింది. యూరప్‌లో పదిహేనేళ్ల కిందట అయిన పని మన తీరం మీద ఎందుకు కాకూడదు?

మా వరంగల్ ఎనుమాముల మార్కెట్ సంగతీ అంతే. మిర్చి సీజన్లో బస్తాల మధ్య నడుస్తుంటే ముక్కూ కళ్లూ మండిపోతాయి. చైనా ఆర్డర్లు తగ్గాయట, అందుకే తేజ రకం ధర పడిందని చాట దగ్గర కూర్చున్న రైతే చెప్తాడు. సముద్రం చూడని ఆ రైతుకు ఓడ ఎప్పుడు కదులుతుందో పట్టింపు ఉంది. తీరం మీద ఫోటో ప్రాజెక్టు చేసేవాళ్లకు ఆ రైతు పట్టింపు లేదు.

మోటుపల్లి స్తంభం దగ్గర

ఆంధ్ర తీరంలోని పాత రేవు మోటుపల్లిలో కాకతీయ గణపతిదేవుడు సముద్ర వర్తకులకు రక్షణ మాటిస్తూ వేయించిన అభయశాసనం గురించి మనం బళ్లో చదువుకున్నదే. కానీ పాఠంలో చదవడం వేరు, వీరభద్రస్వామి గుడి మండపంలో ఆ స్తంభం ముందు నిలబడటం వేరు. మిట్టమధ్యాహ్నం ఎదురుగా నిలబడి ఫోటో తీస్తే ఉత్త రాయి పడుతుంది, అక్షరం పడదు. ఫోన్ టార్చి వెలిగించి రాతికి దాదాపు ఆనించి, పక్కవాటుగా వెలుతురు పారించాలి. అప్పుడు గాట్లలో నీడ పడి అక్షరాలు ఒక్కొక్కటే తేలతాయి. శాసనాల ఫోటోలు తీసేవాళ్లందరికీ తెలిసిన పద్ధతే. అయినా మొదటిసారి చూసినప్పుడు ఒళ్లు జలదరించింది. ఒక సున్నా, ఒక కొమ్ము, ఒక తలకట్టు. మా ఖిలా వరంగల్ రాళ్ల మీద చూసే చేతిరాత లాంటిదే, సముద్రపు గాలి తగిలే చోట.

అందులో ఏముంది? తుఫానుకు చిక్కి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల్లోని సరుకును ఇంతకు ముందు రాజులు లాక్కునేవాళ్లు. ప్రాణంకన్నా ధనమే ఎక్కువనుకుని సముద్రానికి తెగించి వచ్చేవాళ్లు గనుక, దయతో, కీర్తి కోసం, ధర్మం కోసం, మామూలు సుంకం తప్ప మరేమీ తీసుకోబోమని గణపతిదేవుడి మాట. ఆ సుంకం ఎగుమతి దిగుమతులన్నింటి మీదా ముప్పైకి ఒకటి. తర్వాత సరుకుల పట్టీ: చందనం, కర్పూరం, చీనా కర్పూరం, ముత్యాలు, పన్నీరు, దంతం, పునుగు, రాగి, సీసం, పట్టుదారం, పగడాలు, మిరియాలు. 1244-45 నాటి సంగతి. తీరం గురించి ఇంత సూటిగా, ఇంత నిజాయితీగా రాసిన గోడపరిచయం ఏ ప్రదర్శనలోనూ నేను చదవలేదు. ఎవరు తెగించారు, ఎవరు లాక్కున్నారు, ఎవరికి ఎంత ముట్టాలి, అన్నీ ఉన్నాయి. ఆ నిర్ణయం జరిగిన చోటు రేవు కాదు, ఓరుగల్లు. నూరేళ్ల తర్వాత, 1358లో, కొండవీటి అనవోతారెడ్డి అదే మోటుపల్లిలో వర్తకులకు మళ్లీ అభయమిస్తూ వేయించిన శాసనంలో సంస్కృతం, తెలుగుతో పాటు తమిళం కూడా ఉంది. వచ్చేవాడికి అర్థమయ్యే భాషలో రాయాలన్న ఇంగితం అది.

ఇందులో తీపి మాత్రమే లేదు. ఆ తీరం కాకతీయుల చేతికి వచ్చింది యుద్ధాలతో. వెలనాడు ఓడింది, దివిసీమ లొంగింది. అక్కడి అయ్యవంశపు ఆడపడుచులు నారమ్మ, పేరమ్మలను గణపతిదేవుడు పెళ్లాడాడు. వాళ్ల తోబుట్టువు జాయప ఓరుగల్లు వచ్చి గజసాహిణి, అంటే ఏనుగుల సేనకు అధిపతి అయ్యాడు. 1253-54లో 'నృత్తరత్నావళి' రాశాడు. రామప్ప గుడి మీది నాట్యశిల్పాల గురించి మాట్లాడాలంటే ఇవాళ్టికీ మనం ఆ పుస్తకమే తిరగేస్తాం. అంటే మా ఊరి నాట్యం గురించి మాకు చెప్పింది దివిసీమ నుంచి వచ్చినవాడు. ఓడిపోయిన వైపు నుంచి వచ్చినవాడు. సంస్కృతులు కలవడమంటే ఇలాగే ఉంటుంది: కత్తి, పెళ్లి, కొలువు, పన్ను, ఆ తర్వాత పుస్తకం. గోడల మీద రాసే పరిచయాల్లో పుస్తకం ఒక్కటే మిగులుతోంది, ముందువన్నీ రాలిపోతున్నాయి.

గుడి దగ్గర ఒక పెద్దాయన పలకరించారు. "ఓరుగల్లు నుంచి వచ్చారా? ఈ రాయి మీ రాజుగారు వేయించిందేనండి" అన్నారు. "డ్రోన్లు పట్టుకుని చాలామంది వస్తారండి, తిన్నగా బీచికి పోతారు, ఇటు ఎవరూ రారు." చినగంజాం ఉప్పుమడుల దారి కూడా ఆయనే చెప్పారు. పైనుంచి తీసిన ఉప్పుమడుల ఫోటోలు నాకూ ఇష్టమే, తెల్లటి గళ్లు, మధ్యలో చుక్కంత మనిషి. ఆ చుక్క దగ్గరికి వెళ్లి ఉప్పు ఎటు పోతుందని అడిగితే ఇంకో పది ఊళ్లు ఆ ఫోటోలోకి వస్తాయి.

జగిత్యాల స్టూడియోలో సముద్రం

ఇదంతా పాత ముచ్చట అనుకుంటే, ఇవాళ్టి ముచ్చటకు వస్తాను. ఉత్తర తెలంగాణ ఇళ్లలో సముద్రమంటే బంగాళాఖాతం కన్నా ముందు గుర్తొచ్చేది గల్ఫ్. జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్, నిజామాబాద్ వైపు ఏ ఊరికి వెళ్లినా దుబాయో, షార్జానో, మస్కటో, కువైటో చూసొచ్చిన మనిషి ఉంటాడు. మా పెద్దమ్మ కొడుకు అన్న షార్జాలో కన్‌స్ట్రక్షన్ పని చేస్తాడు. ఎడారి మధ్యలో క్యాంపు, తెల్లవారకముందే బస్సు. సెలవునాడు మాత్రం దోస్తులతో కలిసి కార్నిష్‌కు వెళ్లి అక్కడినుంచి వీడియోకాల్ చేస్తాడు. వెనక నీళ్లు, పడవలు, అద్దాల మేడలు. ఒకసారి నేను జగిత్యాల పక్కన వాళ్ల ఊళ్లో ఉన్నప్పుడు అలాంటి కాల్ వచ్చింది. ఇంటిల్లిపాదీ ఫోన్ చుట్టూ చేరాం. వాళ్ల చిన్నోడు కాసేపు చూసి, "బాపూ, నువ్వు జర పక్కకు జరుగు, పడవ కనవడ్తలేదు" అన్నాడు. అన్న నవ్వి నిజంగానే పక్కకు జరిగాడు. రెండేళ్లకోసారి ఇంటికొచ్చే తండ్రి, కొడుకు కోసం ఫ్రేములోంచి తప్పుకుని సముద్రం చూపించాడు. వదిన లేచి లోపలికి వెళ్లిపోయింది.

వాళ్ల ఇంటి ముందుగదిలో గోడ మీద ఒక ఫోటో ఉంది. అన్న, వదిన, ఇద్దరు పిల్లలు నిలబడి ఉన్నారు. వెనక నీలం సముద్రం, ఖర్జూరపు చెట్లు. ఆ నలుగురూ కలిసి ఏనాడూ ఏ సముద్రం దగ్గరా నిలబడలేదు. అన్న ఫోటో షార్జాలో ఎవరో ఫోన్‌తో తీసింది. వదినా పిల్లలదీ జగిత్యాల స్టూడియోలో తీసింది. సముద్రం స్టూడియోవాళ్ల కంప్యూటర్లోది. దగ్గరికెళ్లి చూస్తే తెలుస్తుంది. అన్న ముఖం మీద ఎండ ఎడమవైపు నుంచి పడుతోంది, కళ్లు చిట్లించి ఉన్నాడు. వదిన ముఖం మీద స్టూడియో లైటు ఎదురుగా, చదునుగా ఉంది. అన్న నీడ ఒకవైపు పడింది, మిగతావాళ్లకు నీడే లేదు. వదిన కొంగు అంచు కత్తిరించిన చోట సన్నటి తెల్లగీత మిగిలింది. చిన్నోడి భుజం మీద అన్న చెయ్యి ఉన్నట్టు కలిపారు, వేళ్లు మాత్రం గాలిలో ఆగాయి.

అలాంటి ఫోటోలు చేసే ఒక స్టూడియోకు వెళ్లి ఆ తమ్ముడితో మాట్లాడాను. నీడల సంగతి అడిగితే, "నీడలెవలు జూస్తరన్నా, మొఖాలు జూస్తరు గని" అన్నాడు. అందరి ఎత్తు సరిచూసుకోవడమే కష్టమన్నాడు. అవతల ఉన్న మనిషి ఎత్తు గుర్తుచేసుకుని భార్యలు చెబుతారట, నా చెవి ఆయన భుజానికి వస్తదని. ఆ కొలతతో మౌస్ పట్టుకుని మనిషిని పెంచుతాడు, తగ్గిస్తాడు.

తీరాన్నీ, రెండు దేశాల మధ్య నలిగే బతుకునీ చూపే సమకాలీన ఫోటోగ్రఫీ ఎక్కడుందని నన్నెవరన్నా అడిగితే, జగిత్యాల, మెట్‌పల్లి, కోరుట్ల ఇళ్ల గోడల మీద ఉందంటాను. అవి తీసినవాళ్లకు ఆర్టిస్టులమన్న పేరు లేదు. కానీ అక్కడ సముద్రం కేవలం నేపథ్యం కాదు, ఒక కుటుంబాన్ని విడదీసిన నీళ్లు. కలిపినట్టు చూపించడానికి అదే సముద్రాన్ని వాడుకున్నారు.

ఈ రాకపోకలు నిన్న మొన్న మొదలైనవి కావు. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో మన కమ్మరులు మూసల్లో కరిగించి తీసిన ఉక్కు కోసం పర్షియా వర్తకులు అక్కడికే వచ్చి మకాం పెట్టేవాళ్లు. 1820ల్లో హెన్రీ వాయ్సీ అనే సర్వే డాక్టరు అక్కడికి వెళ్లి, ఇస్ఫహాన్ నుంచి వచ్చిన వర్తకుణ్ణి చూసి రాసిపెట్టాడు. ఆ ఉక్కే అవతల పేరుమోసిన కత్తులైంది. ఉత్తర తెలంగాణ పల్లెల్లో దున్నుతుంటే ఇప్పటికీ ఇనుప చిట్టెం తగులుతుంది, నల్లగా, బుడగలు బుడగలుగా, చేతిలోకి తీసుకుంటే బరువుగా. అప్పట్లో ఆ తీరంవాళ్లు మన పల్లెకు వచ్చి మన పనివాడి గుమ్మంలో కాచుకున్నారు. ఇప్పుడు మనవాళ్లు ఏజెంటుకు అప్పుచేసి డబ్బు కట్టి అక్కడికి వెళ్తున్నారు. ఈ రెండింటినీ పక్కపక్కన రెండు తెరల మీద పెట్టే కళాకారుడి కోసం ఎదురుచూస్తున్నాను.

కెమెరా ఎవరి చేతిలో

ఇలాంటి పని జరగలేదని కాదు. ముంబైలో షైనా ఆనంద్, అశోక్ సుకుమారన్ తదితరులు నడిపే 'క్యాంప్' బృందం 2013లో 'ఫ్రమ్ గల్ఫ్ టు గల్ఫ్ టు గల్ఫ్' అనే సినిమా తెచ్చింది. కచ్, సింధ్, బలూచిస్తాన్, దక్షిణ ఇరాన్ నావికులు కొయ్య ఓడల మీద సరుకు మోస్తూ తమ ఫోన్లతో తీసుకున్న వీడియోలు అందులో ఉన్నాయి. వాటికి వాళ్లే జతచేసుకున్న పాటలను కూడా అలాగే ఉంచారు. అంతకు ముందు 2009లో షార్జా రేవులో అదే బృందం, సోమాలియాకు వెళ్లే ఓడల్లో ఏమేం ఎక్కించారో ఆ పట్టీలను పుస్తకంగా వేసింది. మోటుపల్లి శాసనంలోని పట్టీకి ఇది చుట్టమే. ఆ సినిమా గురించి తెలిసినప్పుడు నాకు మొదట తట్టింది మా అన్నే. అదే షార్జా, అదే నీళ్లు, అదే ఫోన్. ఆ నావికుల వీడియోలు ప్రపంచం చూసింది. జగిత్యాలవాళ్ల వీడియోలు వాట్సాప్ గ్రూపులో రెండురోజులుండి, ఫోన్ మెమరీ నిండితే చెరిగిపోతున్నాయి.

తమిళనాడులో పళనికుమార్ అనే ఫోటోగ్రాఫర్ ఉన్నారు. మదురైలో చేపలమ్మే తల్లి కొడుకు. అంటే సముద్రం లేని ఊళ్లో సముద్రం మీద ఆధారపడి బతికిన ఇల్లు. నాచు కోసం నీళ్లలో మునిగే స్త్రీల ఫోటోలు ఆయన తీసినవి చూస్తే, ఒడ్డున నిలబడి తీసినవి కావని వెంటనే తెలుస్తుంది. తర్వాత ఆయన మత్స్యకార స్త్రీల చేతికి కెమెరా ఇచ్చి నేర్పించారు. మన వరంగల్ భరత్ భూషణ్ కూడా అలాంటి మనిషే. 2022 జనవరిలో పోయేదాకా బతుకమ్మలను, పల్లె గడపలను, పాత తలుపులను ఆయన బయటివాడిగా తీయలేదు. ఆ చూపు మనకు కొత్తది కాదు, తీరం దాకా చాచాలి అంతే.

నాకున్న అనుమానాలు

నా మాటకు నాకే అడ్డొచ్చేవి ఉన్నాయి. మొదటిది, హిరోషి సుగిమోటో. 1980 నుంచి ప్రపంచంలోని సముద్రాలను నలుపు తెలుపులో తీస్తున్నాడు. సగం నీరు, సగం ఆకాశం, మధ్యలో గీత. మనిషి లేడు, పడవ లేదు, ఊరు లేదు. నా వాదన ప్రకారం ఇది నాకు నచ్చకూడదు. కానీ వాటి ముందు నిలబడితే ఏ లెక్కా గుర్తురాదు. ప్రతి బొమ్మా ప్రతి ఊరి కథా మోయాలని అడగడం అన్యాయం. సుగిమోటో ఎవరి సంస్కృతీ కలిసిందని చెప్పడు గనుక, ఆయన్ని నేనేమీ అడగను. కలిసిందని చెప్పేవాళ్లనే అడుగుతున్నాను.

రెండోది ఇంకా బరువైనది. తీరంలో ఉన్నవాళ్ల కష్టమే సరిగ్గా ఫ్రేములోకి రావడం లేదు. ఉప్పాడలో ఇళ్లు సముద్రంలో కలిసిపోతున్నాయి. తుఫాను వస్తే పడవా వలా పోయేది వాళ్లవి. అలాంటప్పుడు ఎక్కడో గోదావరికి ఇవతల కూర్చుని మాకూ చోటివ్వండి అనడం సబబేనా? దీని మీద చాలా ఆలోచించాను. వాళ్లను పక్కకు జరిపి మమ్మల్ని పెట్టమని కాదు నేనడిగేది. క్వారీలో గుట్ట పోగొట్టుకున్న ఊరివాళ్లూ, రేవు కట్టడంతో ఒడ్డు పోగొట్టుకున్న ఊరివాళ్లూ ఒకే సరుకుకు రెండు చివర్ల ఉన్నారు. ఒకళ్ల గురించి ఇంకొకళ్లకు తెలియదు. ఆ ఇద్దర్నీ ఒకే గదిలో కూర్చోబెట్టగలిగేది ఒక వీడియోనే కావచ్చు. మా రేవు, మీ రేవు అన్న పేచీ కూడా నాకు వద్దు. రాష్ట్రం రెండయ్యాక ఇలాంటి మాటలు తొందరగా వేరే అర్థానికి పోతాయి. మోటుపల్లి మోటుపల్లివాళ్లదే. ఆ స్తంభం ముందు నాకు పరాయితనం అనిపించలేదని మాత్రమే చెబుతున్నాను.

మూడోదానికి నా దగ్గర ఇంకా పూర్తి జవాబు లేదు. ఆ స్టూడియో ఫోటోలను, ఫోన్ వీడియోలను సేకరించి ప్రదర్శనగా పెట్టాలని నా ఆశ. బాలసముద్రంలో కాళోజీ కళాక్షేత్రం వచ్చింది. పెద్ద హాలుంది. అక్కడెందుకు పెట్టకూడదు? ఈ మాట వదినతో అన్నాను. ఆమె వెంటనే వద్దంది. "మా ఇంటి ఫోటో ఊరోళ్లందరు జూసుడేంది తమ్మీ? నవ్వుతరు." నవ్వరని చెప్పాను. నాకు ఆ తెల్లగీతలో, గాలిలో ఆగిన వేళ్లలో కనిపించింది ఆమెకు చెప్పబోయి ఆగిపోయాను. ఆమె ఆ ఫోటోలో అతుకులు చూడటం లేదు. మొగుడూ పిల్లలూ పక్కన నిలబడటం చూస్తోంది. అతుకులు చూపించడానికి ఆ ఫోటో నేను తీసుకెళ్తే, ఆమె గోడ మీది నుంచి ఆ నలుగురినీ విడదీసినట్టే. గ్యాలరీలో నిలబడి ఎంత బాగుందో అనేవాళ్లకు ఈ సంగతి తెలిసే దారి లేదు. పైగా ఖల్లివెల్లిగా, అంటే కాగితాలు లేకుండా అక్కడ బతుకుతున్నవాళ్ల ముఖాలు బయటపడితే ప్రమాదం కూడా. కెమెరా లోపలికి రావాలని వాదించే నాలాంటివాళ్లు ముందు గడప బయట నిలబడి అడగాలి. వద్దంటే వెనక్కి రావాలి.

కొన్నాళ్లకు వదిన మళ్లీ తనే ఎత్తింది. అన్నతో మాట్లాడిందట. ఆయన పెట్టమన్నాడు, ఆమెకు మాత్రం ఒక షరతుంది. "పెడితె ముందుగాల మా ఊళ్లె పెట్టుండ్రి. దుబాయ్ పోయినోళ్ల ఇండ్లళ్లకెల్లి అందరియి తీస్కరాండ్రి, మా ఒక్కదే కాదు. మావోళ్లు జూసినంక, మంచిగుందంటే అప్పుడు వరంగల్ తీస్కపోండ్రి." ఏ క్యూరేటరూ ఇంత స్పష్టంగా నాకు చెప్పలేదు. ఎవరి ఫోటోలో వాళ్లే ముందు చూడాలి. ఒక్కరిదే కాకుండా అందరివీ ఉండాలి. బయటికి వెళ్లాలా వద్దా అన్నది వాళ్లే తేల్చాలి.

ఊళ్లో బడి వరండా ఉంది, తెల్లగోడ ఉంది, ప్రొజెక్టరు కరీంనగర్‌లో అద్దెకు దొరుకుతుంది. దసరాకు సెలవు మీద వచ్చేవాళ్లు ఎక్కువ కాబట్టి అప్పుడైతే బాగుంటుందని స్టూడియో తమ్ముడన్నాడు. పాత హార్డ్ డిస్కులు వెతుకుతానన్నాడు. హైదరాబాదులో నేను చూసిన ఆ రేవు వీడియో తీసిన కళాకారులకు కూడా రాశాను, క్వారీ దాకా వస్తే దారి చూపిస్తానని, వాళ్ల మూడు తెరల పనిని కూడా ఆ గోడ మీద చూపిద్దామని. మీలో ఎవరింట్లోనైనా ఇలాంటి ఫోటోలుంటే, ఇంట్లోవాళ్లను అడిగి, వాళ్లు సరేనంటేనే నాకు చెప్పండి.